మంచులో మొహమాటం

మా ఆయనకి వద్దనడం రాదు. ఈ ఒక్క ముక్క ముందే చెప్పేస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఇక్కడ బహ్రెయిన్‌లో, మనామా బజారులో చొక్కా కొనడానికి వెళ్తే, పాపం దుకాణం వాడు ఇన్ని మడతలు విప్పాడే అని విప్పినవన్నీ కొనుక్కొస్తారు. క్షవరం చేసే భాయ్ ‘మాలిష్ కూడా చేసెయ్యనా?’ అంటే చాలు, జిడ్డు కారుతున్న తలతో ఇంటికొస్తారు. ఎవరింటికైనా భోజనానికి వెళ్ళామా, వాళ్ళు వడ్డించిందల్లా తిని, తిరిగొచ్చాక వాము నములుతూ సోఫాలో ఆయాసపడుతుంటారు. ‘ఎందుకండీ అంత తినడం?’ అంటే, ‘వాళ్ళు అంత ప్రేమగా వేస్తుంటే ఎలా వద్దంటామే?’ అని నన్నే అడుగుతారు.

నా బతుకు దీనికి సరిగ్గా తలకిందులు. హూరాలో ఒక పళ్ళ డాక్టరుగారి క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటాను. లేదు, కుదరదు, ఇవాళ ఖాళీ లేదు, రేపు కూడా లేదు అని పొద్దస్తమానం నాలుగు భాషల్లో చెప్పడమే నా ఉద్యోగం. బుగ్గ వాచిపోయి వచ్చిన వాళ్ళకి కూడా నవ్వుతూ లేదని చెప్పగలను. మా డాక్టరుగారు నన్ను మెచ్చుకునేది ఈ ఒక్క విషయంలోనే.

ఇలాంటి మాకు మంచుకొండలతో ఏం పని అంటారేమో. అంతా మా బావగారి చలవ.

బావగారంటే మా అక్క భర్త. మాకంటే చాలా ముందు బహ్రెయిన్ వచ్చిన మనిషి. అమ్వాజ్‌లో సముద్రం కనిపించే ఫ్లాటు. మా ఆయనకి అవాలిలో ఉద్యోగం ఉందని కబురు పెట్టిందీ, కాగితాలు దగ్గరుండి సరిచూసిందీ, మేం దిగిన రోజున ఎయిర్‌పోర్టుకొచ్చి సామానంతా తన బండిలో వేసుకున్నదీ ఆయనే. గొంతు పెద్దది, చెయ్యి పెద్దది, మనసూ పెద్దదే. వాళ్ళింట్లో అతిథులకి అక్క వడ్డించదు, ఆయనే వడ్డిస్తారు. గరిటె పట్టుకుని వెనక నిలబడ్డారంటే ఇక ఆ పూట మన కడుపు మన చేతిలో ఉండదు. మా ఆయన ఆయన్ని ‘అన్నయ్యగారూ’ అంటారు, ఆయన ‘తమ్ముడూ’ అంటారు. తోడల్లుళ్ళు ఇంత సఖ్యంగా ఉండటం నేను మరెక్కడా చూడలేదు. ఉండక చస్తారా, ఇద్దరిలో ఒకాయన అన్నిటికీ ‘అలాగేనండీ’ అంటుంటే!

బావగారికి మంచు పిచ్చి ముందు దుబాయిలో పట్టుకుంది. అక్కడ మాల్‌లో అద్దాల వెనక తయారుచేసిన మంచులో జారి వచ్చారు. తర్వాత చలికాలంలో జార్జియా. ఇక్కడి రెసిడెన్సీ ఉన్నవాళ్ళకి ఆ దేశం వెళ్ళడం సులువు కాబట్టి గల్ఫ్‌లో సగం మంది మంచు చూడాలంటే అక్కడికే పోతారు. రెండు మూడు సార్లు వెళ్ళొచ్చాక బావగారికి అదీ చప్పగా అనిపించింది. తీగల మీద వేలాడే పెట్టెల్లో కొండెక్కడం, జనం మధ్య ఫొటోలు దిగడం, అదేం మంచు అన్నారు. మనుషులు లేని కొండల్లోకి పోవాలి, కాళ్ళకి వెడల్పాటి మంచు చెప్పులు కట్టుకుని నడవాలి, కొండ అవతల చెక్క గుడిసెలో ఒక రాత్రి పడుకోవాలి. అక్కడి గైడు ఒకడితో మాట్లాడేశారు కూడా. ఒక శుక్రవారం మా ఇంటికొచ్చి కాఫీ తాగుతూ, “తమ్ముడూ, నువ్వూ వస్తున్నావు” అన్నారు.

“అలాగేనండీ” అన్నారు మా ఆయన. ఎక్కడికని కూడా అడగలేదు.

ఈ సంగతి తెలిసి మా అత్తగారు కాకినాడ నుంచి ఫోన్ చేశారు. “మంచులో తిరక్కు నాన్నా, జలుబు చేస్తుంది. చెవులకి మఫ్లర్ కట్టుకో” అన్నారు. ఆవిడని తప్పుపట్టడానికి లేదు. మన భాషలో తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే, రోడ్డు కనపడకుండా కమ్మేదీ మంచే, మనుషుల్ని మింగేసేదీ మంచే. అన్నిటికీ కలిపి ఒక్క మాట సరిపెట్టుకున్నాం, మనకి అంతకంటే అవసరం పడలేదు కనక. ‘మంచు చరియలు విరిగిపడి’ అని వార్తల్లో వచ్చినప్పుడు నేను ఛానెల్ మార్చేదాన్ని. అది నా మొగుడికి సంబంధించిన సంగతి అవుతుందని కలగన్నానా?

ఆ గైడు మంచివాడే, కానీ మొండివాడు. మనిషికి మూడు వస్తువులు ఉండాలన్నాడు. ఒంటికి కట్టుకునే చిన్న పెట్టె ఒకటి. మంచు కింద కూరుకుపోతే అది కూతలు పంపుతూ ఉంటుంది, పైనున్న వాళ్ళ పెట్టెలు వాటిని పట్టి చోటు చూపిస్తాయి. రెండోది మడత విప్పితే పొడుగ్గా సాగే సన్నటి కడ్డీ, లోపల ఉన్న మనిషి తగిలేదాకా పొడిచి చూడటానికి. మూడోది తవ్వడానికి పార. ఈ మూడూ వాడటం ముందే సాధన చేసి రాకపోతే కొండ మీదికి తీసుకెళ్ళనన్నాడు. బహ్రెయిన్‌లో మంచెక్కడుంది నాయనా అంటే, ఇసుక ఉందిగా అన్నాడు.

అలా మేం నలుగురం సఖీర్ ఎడారికి వెళ్ళాం. చలికాలం కదా, ఎక్కడ చూసినా గుడారాలు, పిల్లల చిన్న మోటారు బళ్ళు, బొగ్గుల మీద మాంసం వాసన. వాటికి దూరంగా ఒక ఇసుక దిబ్బ వెనక బండి ఆపాం. అక్క చాప పరిచి పులిహోర డబ్బా తీసింది. నేను ఆ కూతల పెట్టెల్లో ఒకదాన్ని ఖాళీ పెరుగు డబ్బాలో పెట్టి మూత బిగించి, ఎవరూ చూడకుండా ఇసుకలో పూడ్చి వచ్చాను. బావగారు ఫోన్‌లో గైడుని పట్టుకుని వీడియోలో దిబ్బంతా చూపించారు. ఆ కుర్రాడు అక్కడ ఉన్ని టోపీ పెట్టుకుని కూర్చుని, ఇక్కడ మా ఇసుక చూసి పగలబడి నవ్వాడు. ఆనక నవ్వు ఆపి, “మొదలుపెట్టండి” అన్నాడు.

బావగారు పరిగెత్తారు. పెట్టె చూపించే బాణం వంక చూడకుండా తనకి తోచిన వైపు పరిగెత్తి, తోచినచోటల్లా పొడిచి, చివరికి చాప అంచు కింద కూడా పొడిచారు. “నా పులిహోర జోలికి రాకండి!” అని అక్క కేకేసింది. మా ఆయన వంతు వచ్చినప్పుడు మాత్రం నెమ్మదిగా, పెట్టెని నేలకి దగ్గరగా పట్టుకుని, కూత పెరిగిన వైపే అడుగులేస్తూ వెళ్ళి, కడ్డీ దింపి, తవ్వి, పెరుగు డబ్బా పైకి తీశారు. అవాలిలో ఆయన పని మీటర్లు చూడటమే కనక అంకెలంటే ఆయనకి నమ్మకం. నాకు గర్వంగా అనిపించింది.

“బాగుంది. కానీ ఇసుక తేలిక. కొండ మీద నుంచి జారొచ్చిన మంచు ఆగిన క్షణంలో సిమెంటులా బిగుసుకుంటుంది. లోపలున్న మనిషి వేలు కూడా కదపలేడు. మీకు ఎక్కువ సమయం ఉండదు” అన్నాడు గైడు. ఎంత సమయమని నేనే అడిగాను. అతను చెప్పింది విని లెక్కేసుకుంటే, రోడ్డు పక్కన బండి ఆపి, హారన్ కొట్టి, కరక్ చాయ్ తెప్పించుకుని తాగడం అయ్యేంత సేపు. అంతే. ఆ తర్వాత తవ్వినా లాభం ఉండదట. నా చేతిలో పులిహోర ముద్ద అలాగే ఉండిపోయింది.

అందుకే తవ్వాల్సిన అవసరం రానివ్వకూడదు, అది ముఖ్యం అన్నాడు. కొత్త మంచు పడినప్పుడూ, గాలి ఒక వైపు మంచుని ఎత్తి కొండకి అవతలి వైపు పోగేసినప్పుడూ, ఉన్నట్టుండి ఎండ కాసినప్పుడూ జాగ్రత్త అన్నాడు. అడుగున పాత మంచు పొడిపొడిగా ఉండి, దాని మీద గట్టి పలక కడితే, ఆ పలక మనిషి బరువుకి జారిపోతుందట. నాకు రవ్వ మీద పెట్టిన దిబ్బరొట్టె గుర్తొచ్చింది. కాలి కింద ‘ధబ్’మని చప్పుడు వినిపిస్తే ఆ పలక కూలినట్టు, ఇక ముందుకి ఒక్క అడుగు కూడా వద్దు అన్నాడు. ప్రమాదాన్ని ఐదు మెట్లుగా చెప్తారట. నాలుగూ ఐదూ అయితే అందరూ ఇంట్లోనే ఉంటారు. మూడు అయినప్పుడే చాలామంది చనిపోతారు, మధ్యస్థమే కదా అనుకుని.

చివర్లో ఆ కుర్రాడు, “నాకు ఒకటే నియమం. మీరిద్దరూ, నేనూ, ముగ్గురిలో ఎవరు వద్దన్నా ముగ్గురం వెనక్కి. ఎందుకని ఎవరూ అడగకూడదు. సరేనా?” అన్నాడు.

“ఓస్, అంతేనా! మా తమ్ముడు వద్దంటే నేనెప్పుడైనా కాదన్నానా?” అని బావగారు మా ఆయన భుజం చరిచారు.

నిజమే, ఎప్పుడూ కాదనలేదు. మా ఆయన ఎప్పుడైనా వద్దంటేగా! ఆ ముగ్గురి ప్రాణాలూ ఏ మాట మీద ఆధారపడి ఉన్నాయో, ఆ ఒక్క మాటే నా మొగుడి నోట్లో లేదు. గాలి, ఎండ, పాత మంచు, కొత్త మంచు అన్నీ చెప్పిన ఆ కుర్రాడికి మొహమాటం సంగతి తెలియదు. అతని భాషలో ఆ మాట ఉందో లేదో.

బయల్దేరే ముందు శుక్రవారం అక్కావాళ్ళింట్లో భోజనం. హమూర్ చేపల పులుసు, గుత్తివంకాయ కూర, గడ్డపెరుగు. బావగారు మామూలుగానే గరిటె పట్టుకున్నారు. మా ఆయన కంచంలో రెండోసారి పులుసు పడింది.

“చాలండీ అన్నయ్యగారూ.”

“మొహమాటపడకు తమ్ముడూ!” ఇంకో ముక్క పడింది.

“వద్దండీ, నిజంగా.”

“నేనున్నాగా, తిను!” ఇంకోటి.

తర్వాత నా వైపు తిరిగారు. నేను మాటలు వృథా చేసే మనిషిని కాదు. రెండు చేతులూ చాచి కంచానికి అడ్డం పెట్టి, దాని మీద బోర్లా పడ్డట్టు వంగిపోయాను. బావగారు నవ్వేసి గరిటె వెనక్కి తీసుకున్నారు. మన వాళ్ళలో నోటితో చెప్పిన వద్దుకి విలువ లేదు, అది వెయ్యమనడానికి ఇంకో పద్ధతి. చేతులు అడ్డం పడితేనే అసలు వద్దు. ఇది పుట్టి బుద్ధెరిగిన ప్రతి వాడికీ తెలుసు. మా ఆయనకీ తెలుసు. అయినా ఆ చేతులు కంచం పక్కనే బుద్ధిగా కూర్చున్నాయి.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. “కంచానికి చెయ్యి అడ్డం పెట్టడం కూడా చేతకాదా మీకు? రేపు కొండ మీద ఆయన పద అంటే వెళ్ళిపోతారా?” అన్నాను.

“గైడు ఉంటాడు కదే.”

“గైడుకి తెలుగొచ్చా? మీరిద్దరూ తెలుగులో మాట్లాడుకుని నడిచేస్తే అతనేం చేస్తాడు?”

వంటింట్లో నుంచి గరిటె తెచ్చి ఆయన ముందు నిలబడ్డాను. “నేను బావగార్ని. పద తమ్ముడూ, ఈ వాలు దాటేద్దాం. ఏమంటారు?”

“వద్దేమోనండీ...”

“ఏమో తీసెయ్యండి.”

“వద్దండీ.”

“నవ్వకుండా చెప్పండి!”

ఆయన నవ్వాపుకోలేక దిండులో మొహం పెట్టుకున్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అది చూసి ఆయన నవ్వు ఆగిపోయింది. “నీకు అంత భయంగా ఉంటే వెళ్ళనులే” అన్నారు. చూడండి, అది కూడా నా మాట కాదనలేకే! ఆయన నాతో ‘వెళ్తాను’ అని గట్టిగా అని ఉంటే నాకు కొంచెం ధైర్యం వచ్చేదేమో. “నాకోసం మానొద్దు. వెళ్ళండి. కానీ ఆ ఒక్క మాట అక్కడ అనండి” అన్నాను. మర్నాడు గుమ్మంలో, “వెళ్ళొస్తా” అన్నారు. రావాలి అనుకున్నాను పైకి అనకుండా.

అక్కడికి చేరిన రోజు నుంచి క్లినిక్‌లో నా కంప్యూటర్ మీద ఒక మూల పళ్ళ రోగుల పేర్లు, ఇంకో మూల ఆ కొండల వాతావరణం. మొదటి రోజు ఎడతెగకుండా మంచు. రాత్రంతా గాలి. కొండ అంచు మీద నుంచి మంచు పొగలా లేస్తోందని, చూడ్డానికి చాలా అందంగా ఉందని మా ఆయన గొంతు రికార్డు చేసి పంపారు. అందంట, అందం! ఆ పొగంతా అవతలి వాలు మీద పోగవుతోందని నాకు ఇక్కడ హూరాలో కూర్చుంటే తెలుస్తోంది. మర్నాడు గాలి ఆగి ఎండ కాసింది. ప్రమాదం అంకె చూశాను. మూడు.

నాలుగైనా బాగుండేది. మూడు అచ్చంగా మొహమాటం అంకె. పొమ్మనీ అనదు, వద్దనీ అనదు.

ఫోన్ చేస్తే కలవలేదు, అప్పటికే సిగ్నల్ లేని చోటికి వెళ్ళిపోయారు. ఆ పూట హూరాలో కూడా మంచు కమ్మింది, మా అత్తగారి రకం మంచు. ఎదురు హోటల్ బోర్డు కూడా కనపడలేదు. వచ్చిన వాళ్ళకల్లా లేదు, కుదరదు అని చెప్తూనే ఉన్నాను. చెప్పిన ప్రతిసారీ, ఇందులో ఒక్కటి ఆయనకి అరువు ఇవ్వగలిగితే ఎంత బాగుండును అనిపించింది. ఒక పెద్దాయన పన్ను నొప్పితో వచ్చి, ఖాళీ లేదంటే పాపం వెళ్ళిపోబోయాడు. పిలిచి కూర్చోబెట్టాను. ఆ రోజు నా వల్ల ఎవరికీ చెడు జరగకూడదని ఒక పిచ్చి భయం.

సాయంత్రం క్లినిక్ మూసే వేళకి అక్క ఫోన్.

“ఏమే, మీ బావ ఇప్పుడే ఫోన్ చేశారు. మహా కోపంగా ఉన్నారు. కొండ మీద మీ ఆయన పరువు తీసేశాట్ట! గుడిసె ఎదురుగా కనిపిస్తుంటే వెళ్ళనివ్వలేదట. గైడు ముందు చిన్నపిల్లాడిలా నేల మీద పడి...”

“పరువు తీశారా?”

“అవునే, అదే అంటున్నా.”

“ఇద్దరూ కిందికి దిగారా?”

“దిగారు. హోటల్లో ఉన్నారు. మీ బావ అయితే అన్నం కూడా...”

తక్కినది నాకు వినపడలేదు. పరువు తీశారట, నా బంగారు తండ్రి! రిసెప్షన్ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను, నవ్వాను, రెండూ కలిసిపోయాయి. మా డాక్టరుగారు గదిలోంచి వచ్చి ఏమైందని అడిగితే, మా ఆయన పెద్దవాళ్ళకి ఎదురుచెప్పారండీ అన్నాను. ఆయన మలయాళీ. ఏం అర్థమైందో ఏమో, “కంగ్రాట్స్” అన్నారు.

జరిగింది మా ఆయన తర్వాత ఫోన్‌లో చెప్పారు. పొద్దున్నుంచి చెట్ల మధ్య నడక సాఫీగానే సాగిందట. చెట్లు అయిపోయాక ఒక చదునైన చోటు, అక్కడి నుంచి ఒక బోసి వాలు, దానికి అవతల గుడిసె, పొగగొట్టం. వాళ్ళకంటే ముందు ఎవరో నడిచిన జాడ కూడా వాలు మీద కొంచెం కనిపిస్తోందట. గైడు వాళ్ళని ఆగమని చెప్పి, చెట్ల అంచుకి వెళ్ళి మంచు తవ్వి లోపలి పొరలు చూస్తున్నాడు. ఎండ ఉంది కానీ చలి. బావగారికి నిలబడి నిలబడి కాళ్ళు కొంకర్లు పోతున్నాయి.

“అదుగో గుడిసె. ఈయన సాయంత్రం దాకా తవ్వేలా ఉన్నాడు. పద తమ్ముడూ, మనం దాటేసి అవతల టీ పెట్టుకుందాం” అని ఆయన కదిలారట. మా ఆయన కూడా వెనక రెండడుగులు వేశారు. వేశారు మరి! అప్పుడే కాళ్ళ కింద ఎక్కడో లోతుగా ‘ధబ్’మంది. పెద్ద చప్పుడేం కాదట. పై అంతస్తులో ఎవరో బియ్యం బస్తా దింపినట్టు.

“అన్నయ్యగారూ, వద్దేమోనండీ” అన్నారట మా ఆయన.

“మొహమాటపడకు తమ్ముడూ, నేనున్నాగా!”

“వద్దండీ.”

“పదవయ్యా!”

“అన్నయ్యగారూ, వద్దు.” ఏమో లేదు, అండీ లేదు. నేను నేర్పినట్టే అన్నారట, నవ్వకుండా. అయినా బావగారు ఆగలేదు. ఆగుతారా? అమ్వాజ్‌లో పులుసు వేస్తున్నప్పుడు వినే చెవులతోనే అక్కడా విన్నారు. ఎన్నిసార్లు అన్నా అది ఆయనకి మర్యాద మాటే.

అప్పుడు మా ఆయన ఆ వెడల్పాటి చెప్పులతోనే తడబడుతూ వెళ్ళి, ఆయన్ని దాటి, వాలు ఇంకా మొదలవని చోటే ఆయన ముందు మోకాళ్ళ మీద పడ్డారట. రెండు చేతులూ చాచి, ఆ మంచు మీద అడ్డంగా పెట్టి, బోర్లా వంగిపోయారట. కంచం మీద వంగినట్టు. “నాకు ఇంకేం తోచలేదే. నువ్వే గుర్తొచ్చావు” అన్నారు.

బావగారు ఠక్కున ఆగిపోయారట. ఇక ఒక్క అడుగు వెయ్యలేదు. గైడు పరిగెత్తుకొచ్చి, ఈ మనిషెందుకు మంచుకి దణ్ణం పెడుతున్నాడా అని చూశాడట. వద్దంటున్నానని మా ఆయన చెప్పగానే, ఎందుకని అడగలేదు. అడుగున పొర తనకీ నచ్చలేదని మాత్రం అన్నాడు. ముగ్గురూ వచ్చిన దారినే, చెట్ల మధ్య నుంచే, ఒక్కొక్కళ్ళుగా ఎడం పాటిస్తూ దిగి వచ్చేశారు.

ఆ వాలు జారిందా అని ఈ కథ విన్న ప్రతివాళ్ళూ అడుగుతారు. జారలేదు. వాళ్ళు అక్కడున్నంత సేపూ కడిగిన పళ్ళెంలా మెరుస్తూ అలాగే ఉంది. తర్వాత ఏమైందో చూసిన వాళ్ళు లేరు. బావగారు దాన్నే పట్టుకున్నారు. “ఏమైంది? ఏమీ కాలేదుగా!” అని తిరిగొచ్చాక అక్కతో అంటూనే ఉన్నారట. నడిచి ఉంటే ఏమయ్యేదో చెప్పడానికి సాక్ష్యం లేదు. వద్దన్నవాడికి మిగిలేది ఇంతే. ఏమీ జరగదు, ఏమీ జరగలేదని తిట్లు మాత్రం తినాలి.

ఎయిర్‌పోర్టు నుంచి ఇద్దరూ వేరువేరు బళ్ళలో వచ్చారు. ఆ తర్వాత బావగారి నుంచి ఫోన్ లేదు. శుక్రవారాలు వచ్చి పోతున్నాయి, భోజనానికి పిలుపు లేదు. మా ఆయన ఫోన్ మోగినప్పుడల్లా ఆశగా చూసేవారు. “నేను చేసింది తప్పంటావా?” అని ఒకసారి అడిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. “తప్పా! ప్రాణాలు దక్కించినందుకు ఆయన మీ కాళ్ళకి...” అని మొదలుపెట్టాను. “అలా అనకు. ఆయన నాకు అన్నయ్య” అన్నారు. ఆయన నన్ను మధ్యలో ఆపడం అదే మొదలు. అన్నయ్యని పోగొట్టుకున్న బాధ ఆ గొంతులో వినిపించి నేనూ ఊరుకున్నాను.

ఎండలు మొదలయ్యాక అక్క పిలిచింది. మళ్ళీ హమూర్ పులుసు. కూర్చున్నాం. ఏసీ ఎక్కువైందా, తక్కువైందా అని కాసేపు ఏసీ గురించి మాట్లాడుకున్నాం. బావగారు గరిటె తీసుకుని వచ్చారు. మొదటిసారి వడ్డించారు, తిన్నాం. రెండోసారి వచ్చి మా ఆయన పక్కన నిలబడ్డారు. గరిటె నిండా పులుసు, మధ్యలో పెద్ద ముక్క.

“వద్దండీ అన్నయ్యగారూ” అన్నారు మా ఆయన. మెల్లగా అన్నారు. చేతులు కంచం పక్కనే ఉన్నాయి.

అక్క నా వైపు చూసింది. బావగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డారు. మొహమాటపడకు అంటారనుకున్నాను. అనలేదు. గరిటె వెనక్కి తీసుకెళ్ళి గిన్నెలో పెట్టేశారు. పెట్టి, మా వైపు తిరక్కుండానే అన్నారు:

“ఆ చప్పుడు నేనూ విన్నాను తమ్ముడూ.”

గిన్నెని ఒకసారి అటు జరిపి, మళ్ళీ ఇటు జరిపారు.

“విన్నాను. పద అన్నది నేనే కదా. మళ్ళీ నేనే ఆగుదామని ఎలా అనను? నువ్వైనా ఆపుతావేమోనని చూశాను. నువ్వు ఉత్తి నోటితో అంటుంటే ఎలా ఆగాలో తెలియలేదు.”

మా ఆయన తల దించుకుని అన్నం కలుపుతున్నారు. కలపడానికి కంచంలో ఏమీ మిగల్లేదు. ఇంత పెద్ద గొంతు మనిషికి కూడా ఆ జబ్బే ఉందని, ఆ కొండ మీద ఇద్దరూ ఒకరికొకరు మొహమాటపడుతూ చావు వైపు నడిచారని నాకు అప్పుడు తెలిసింది. భయం వేసింది. ఆయన మీద నెలల తరబడి దాచుకున్న కోపం ఎటు పోయిందో తెలియదు.

బావగారు కళ్ళు తుడుచుకుని, మళ్ళీ గరిటె నింపుకుని నా దగ్గరికి వచ్చారు. “నీకు, మరదలా?”

నా కడుపు నిండిపోయింది. గొంతు దాకా ఉంది. పొద్దస్తమానం లేదు, కుదరదు అని చెప్పి జీతం తీసుకునే మనిషిని. కానీ రెండోసారి కూడా ఆ గరిటె నిండుగా వెనక్కి వెళ్ళడం నేను చూడలేకపోయాను. కంచం ముందుకి జరిపాను.

“వెయ్యండి బావగారూ” అన్నాను.